మైక్రోవేవ్‌లో పవర్ తగ్గించి వండడం: గడ్డకట్టిన చేప నుంచి కందిపప్పు దాకా

గంజాం కోడలు (బరంపురం)

అందరికీ నమస్కారం. చిలికా పండుగప్ప బజారులో బాగున్న రోజున కాస్త ఎక్కువే కొని, ముక్కలు కోయించి ఫ్రీజర్‌లో దాచుకుంటాం. ఇంట్లో అందరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే కాబట్టి సాయంత్రం వచ్చాక దాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి గడ్డ విడిపించాల్సి వస్తుంది. మూడు నిమిషాలు తిరిగేసరికి అంచులు తెల్లబడి ఉడికిపోతున్నాయి. తోక వైపు ముక్కలు గట్టిపడి సాగుతున్నాయి. మధ్యలో మాత్రం చాకు దిగదు. ఓవెన్ మీద 900, 600, 450, 300, 180 అని అంకెలున్నాయి, డీఫ్రాస్ట్ (గడ్డ విడిపించే) గుర్తు కూడా ఒకటి ఉంది. వాటిని ఎప్పుడు, ఎలా వాడాలో తెలిసినవాళ్లు చెప్పండి. మంచి చేప ఇలా పాడవుతుంటే మనసుకు కష్టంగా ఉంది.

బరంపురం మెకానిక్

అక్కా, ముందు ఆ అంకెల సంగతి చెబుతాను. ఓవెన్ లోపల మేగ్నెట్రాన్ అనే భాగం నుంచి వేడి పుట్టించే మైక్రోవేవ్ తరంగాలు వస్తాయి. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఓవెన్లలో ఆ మేగ్నెట్రాన్‌కు రెండే స్థితులు: పూర్తిగా పనిచేయడం, పూర్తిగా ఆగిపోవడం. మీరు 450 అని పెడితే అది సగం బలంతో పనిచేయదు. 900 వాట్ల పూర్తి బలంతోనే కొన్ని సెకన్లు పనిచేసి, మళ్లీ అంతసేపు ఆగుతుంది. 300 పెడితే మూడింట ఒక వంతు సమయం పని, మిగతా రెండు వంతులు విరామం. ఈ చక్రం చాలా ఓవెన్లలో ఇరవై, ముప్పై సెకన్లకు ఒకసారి తిరుగుతుంది.

పళ్లెం తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాన్, దీపం కూడా ఆగవు. అందుకే బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. చెవి పెట్టి వినండి. మేగ్నెట్రాన్ పనిచేసేటప్పుడు మోత బరువుగా ఉంటుంది, ఆగినప్పుడు తేలికపడుతుంది. కొన్ని ఇళ్లలో ఆ క్షణానికి వంటింటి బల్బు కూడా కొంచెం మసకబారుతుంది. మధ్యలో మోత తగ్గిందని ఓవెన్ చెడిపోయిందనుకుని నా దగ్గరికి తెచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చెడిపోవడం కాదు, మీరు పెట్టిన పవర్ ప్రకారమే నడుస్తోంది.

గంజాం కోడలు

అర్థమైంది తమ్ముడూ. అయితే ఆగి ఆగి వేడి చేస్తే గడ్డకు లాభం ఏమిటి? మొత్తం మీద అందే వేడి అదే కదా?

జయపురం మాస్టారు

ఆ ప్రశ్నలోనే అసలు విషయం ఉందమ్మా. నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని కాబట్టి కొంచెం లోతుగా వెళ్తాను, ఓపిక పట్టండి.

మన ఇళ్లలోని ఓవెన్లు 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తాయి. ద్రవరూపంలో ఉన్న నీరు వాటిని బాగా పీల్చుకుని వేడెక్కుతుంది. మంచు దాదాపు పీల్చుకోదు. అందులో నీటి అణువులు స్ఫటికంలో బిగుసుకుని ఉంటాయి, తరంగానికి అనుగుణంగా తిరగలేవు. ఇప్పుడు మీ చేప గడ్డను తీసుకోండి. ఎక్కడో ఒక మూల, సాధారణంగా పలచని అంచు, ముందుగా కరుగుతుంది. కరిగిన ఆ చుక్క నీరు పక్కనున్న మంచు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తరంగాలను పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అది వేడెక్కుతూ పోతుంది, పక్కనున్నది గడ్డగానే ఉంటుంది. ఒకసారి తేడా మొదలైతే తనంతట తాను పెరుగుతుంది. మీ అంచులు ఉడకడానికి కారణం ఇదే.

పైగా ఈ తరంగాలు మాంసంలోకి, చేపలోకి ఒకటి రెండు సెంటీమీటర్లు దిగేసరికి చాలావరకు ఖర్చైపోతాయి. మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి వండుతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. లావు ముక్క నడిమికి వేడి చేరాలంటే పై పొర నుంచి నెమ్మదిగా పాకుతూ వెళ్లాలి. విరామంలో జరిగేది అదే. మేగ్నెట్రాన్ ఆగిన ఆ పదిహేను, ఇరవై సెకన్లలో అంచుల వేడి లోపలి మంచుకు చేరుతుంది, అంచు చల్లబడుతుంది, లోపల కరుగుతుంది. మొత్తం వేడి ఒకటే అయినా, అది సర్దుకోవడానికి వ్యవధి దొరికిందా లేదా అన్నదే తేడా.

లెక్క కూడా వేసి చూపిస్తాను. అర కిలో చేపలో సుమారు మూడు వంతులు నీరే, అంటే 375 గ్రాములు. ఒక గ్రాము మంచు కరగడానికి 334 జౌళ్ల వేడి కావాలి. అంటే సుమారు 1,25,000 జౌళ్లు. ఫ్రీజర్‌లోని మైనస్ 18 డిగ్రీల నుంచి సున్నాకు రావడానికి ఇంకో 18,000 వేసుకోండి. మొత్తం 1,43,000. వాట్ అంటే సెకనుకు ఒక జౌలు, కాబట్టి దీన్ని 900 వాట్లతో భాగిస్తే 159 సెకన్లు, మూడు నిమిషాలు కూడా లేదు. 300తో భాగిస్తే 477 సెకన్లు, దాదాపు ఎనిమిది నిమిషాలు. మూడు నిమిషాల్లో గడ్డ విడవడానికి సరిపడా వేడి మీ చేపకు అందింది, కాని అది నడిమికి వెళ్లే వ్యవధి లేక అంచుల్లోనే పోగుపడింది.

ఛత్రపురం పెద్దమ్మ

నాయనా మాస్టారూ, చదివాను, బాగుంది. అయినా ఒక మాట. చేపను పొద్దున్నే ఫ్రీజర్ నుంచి తీసి గట్టు మీద గిన్నెలో పెట్టి వెళ్తే సాయంత్రానికి దానంతట అదే విడిపోతుంది. ఇంత లెక్క, ఇంత కరెంటు ఎందుకు? యంత్రం మీద ఆధారపడితే చేతి వంట పోతుందని నా బాధ.

రాయగడ అమ్మాయి

పెద్దమ్మా, మీ మాట మీద నాకు గౌరవం ఉంది, కాని గట్టు మీద రోజంతా ఉంచడం మాత్రం వద్దు. నేను ఆహార శాస్త్రం చదివాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల ఉన్నప్పుడు సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. సముద్రం పక్క ఊళ్లలో ఆ ఉక్కలో చేప పైభాగం గంటలోనే ఆ వేడికి వచ్చేస్తుంది. లోపల ఇంకా గడ్డగా ఉందని మనం ధీమాగా ఉంటాం, పైన మాత్రం పాడవడం మొదలై ఉంటుంది.

తొందర లేకపోతే అన్నింటికన్నా మంచిది ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి కింది ఫ్రిజ్ అరలో పెట్టడం. కరెంటు ఖర్చు కూడా లేదు. ఇంకో దారి, నీరు చొరబడని సంచిలో కట్టి చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చడం. ఈ రెండూ కుదరని సాయంత్రాలకే మైక్రోవేవ్.

మైక్రోవేవ్‌లో విడిపించిన చేపను, మాంసాన్ని ఆ పూటే, వెంటనే వండేయాలి. అందులో కొన్ని చోట్ల అప్పటికే గోరువెచ్చగా అయి ఉంటుంది. దాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి రేపు చూద్దామనుకోవద్దు. పచ్చిగానే మళ్లీ గడ్డ కట్టించడం అసలే వద్దు.

ఛత్రపురం పెద్దమ్మ

రాత్రి ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి బాగుందమ్మా. అది చేస్తాను.

వంశధార ఒడ్డు (గుణుపురం)

నేను ఆరేళ్లుగా రొయ్యలు, కోడి, చేప అన్నీ ఇలాగే విడిపిస్తున్నాను. చేతికి వచ్చిన పద్ధతి చెబుతాను. అర కిలో చేప ముక్కలకు 300 మీద మొదట మూడు నిమిషాలు. ఆపి, తీసి, విడివడే ముక్కలను చేత్తో విడదీసి, లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చాలి. అడుగున చేరిన నీళ్లు పారబోయాలి. చాలామంది ఈ నీళ్ల సంగతి పట్టించుకోరు. మాస్టారు చెప్పినట్టు వేడిని ముందుగా పీల్చేది ఆ నీళ్లే, అవి పళ్లెంలో మరిగి కింది ముక్కలను ఉడికిస్తాయి. తర్వాత ఇంకో మూడు నిమిషాలు. నడుమ కొంచెం మంచు మిగిలి ఉండగానే ఆపేసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేస్తే మిగతాది దానంతట అది విడిపోతుంది. పూర్తిగా విడిచేదాకా ఓవెన్‌లోనే ఉంచితే అంచులు ఉడికినట్టే.

ముక్కలను పళ్లెం నడిమిన కుప్పగా పెట్టవద్దు. చుట్టూ పేర్చి నడిమి ఖాళీగా ఉంచాలి. లావు భాగం అంచు వైపుకు, తోక భాగం లోపలికి. రొయ్యలకు 300 కూడా ఎక్కువే, 180 పెట్టండి. అవి చిన్నవి, ఇట్టే గులాబీ రంగుకు తిరిగిపోతాయి.

గంజాం కోడలు

మరి ఆ డీఫ్రాస్ట్ గుర్తు నొక్కితే బరువు అడుగుతోంది. దాన్ని నమ్మవచ్చా?

బరంపురం మెకానిక్

నమ్మవచ్చు అక్కా, బరువు సరిగ్గా చెబితే. లోపల ఉన్నదేమీ గొప్ప రహస్యం కాదు, మీరు చెప్పిన బరువును బట్టి తక్కువ పవర్, ఒక సమయం తానే ఎంచుకుంటుంది. మధ్యలో బీప్ మోగిందంటే ముక్కలు తిప్పమని. అప్పుడు తిప్పకపోతే ఆ అమరిక ఉన్నా లేకున్నా ఒకటే. గిన్నె బరువు కలపవద్దు, చేప బరువే చెప్పాలి.

ఇన్వర్టర్ అని రాసి ఉన్న ఓవెన్లు వేరే రకం. కరెంటు పోతే వాడే బ్యాటరీ ఇన్వర్టర్‌తో దీనికి సంబంధం లేదు. వీటిలో పవర్ తగ్గిస్తే మేగ్నెట్రాన్ నిజంగానే తక్కువ బలంతో, ఆగకుండా నడుస్తుంది. డీఫ్రాస్ట్‌కు, పాలకు, వెన్నకు ఇవి చాలా నయం. ధర ఎక్కువ, బోర్డు పాడైతే మరమ్మతు కూడా ఖరీదే. కొనేవాళ్లు రెండూ చూసుకోవాలి.

ఇంకో విషయం. మామూలు ఓవెన్‌లో అర నిమిషం లోపు పనికి పవర్ తగ్గించి లాభం లేదు. చక్రమే ఇరవై, ముప్పై సెకన్లు అయినప్పుడు, 15 సెకన్లకు 450 పెడితే ఆ పదిహేనూ పూర్తి బలంతోనే నడిచిపోవచ్చు. తక్కువ పవర్ పెట్టినప్పుడు సమయం కూడా కనీసం నిమిషం ఉండేలా చూసుకోండి.

బల్లార్షా కుటుంబం

మాది చంద్రపూర్ జిల్లా. మే నెలలో ఇక్కడి ఎండ సంగతి వార్తల్లో చూసే ఉంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం గ్యాసు పొయ్యి దగ్గర నిలబడడం మా అమ్మకు ఆరోగ్యరీత్యా కుదరదు. అన్నం, పప్పు మైక్రోవేవ్‌లోనే వండడం మొదలుపెట్టాం. అన్నం పొంగి పళ్లెం నిండా గంజి అవుతోంది, పప్పు నురగ కక్కుతోంది. దీనికీ పవరే మందా?

వంశధార ఒడ్డు

అవును. అన్నానికి, పప్పుకు పూర్తి పవర్ కావలసింది మరుగు వచ్చేదాకానే. మరుగు వచ్చాక నీటి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఎంత బలంగా కాచినా అంతకు మించదు, పొంగడం మాత్రం పెరుగుతుంది. పొయ్యి మీద మరుగు రాగానే మంట తగ్గిస్తాం కదా, ఇదీ అంతే.

గ్లాసు బియ్యం కడిగి, రెండు గ్లాసుల నీళ్లు పోసి, బియ్యం, నీళ్లు కలిపి గిన్నెలో మూడో వంతుకు మించకుండా చూసుకోండి. లోతైన గిన్నె ముఖ్యం. మూత ఓరగా పెట్టి 900 మీద ఐదారు నిమిషాలు, మరుగు కనబడేదాకా. తర్వాత 450 మీద పది, పన్నెండు నిమిషాలు. ఆపాక ఐదు నిమిషాలు తెరవకుండా ఉంచాలి. మెతుకు మెతుకు విడిగా వస్తుంది.

కందిపప్పును అరగంట నానబెట్టాలి. నూనె చుక్క, పసుపు వేసి, మరుగు దాకా పూర్తి పవర్, ఆ తర్వాత 450 మీద పదిహేను, ఇరవై నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి. ఉప్పు, చింతపండు పప్పు మెత్తబడ్డాకే. మా ఇంట్లో ఇదే పప్పులో గుమ్మడి, అరటికాయ, ములక్కాడ వేసి దాల్మా చేస్తాం. కూరముక్కలు సగం పప్పు ఉడికాక వేస్తే అన్నీ ఒకసారి అందుతాయి. పోపు మాత్రం పొయ్యి మీదే. నూనె వేడి కొలత తప్పితే మైక్రోవేవ్‌లో ప్రమాదం.

పాలకు 450 మించవద్దు. ఎదురుగా నిలబడే కాచండి.

బల్లార్షా కుటుంబం

చాలా కృతజ్ఞతలు. అమ్మకు చదివి వినిపించాను. మరుగు దాకా ఒకటి, తర్వాత ఒకటి అన్న మాట ఆమెకు వెంటనే పట్టుబడింది.

కొత్త తల్లి (పర్లాకిమిడి)

అక్కలారా, తీసి ఫ్రీజర్‌లో దాచిన తల్లిపాలను అన్నింటికన్నా తక్కువ పవర్ మీద విడిపించవచ్చా? త్వరలో ఆఫీసుకు వెళ్లాలి, మా అత్తయ్య పాపకు పట్టాలి.

రాయగడ అమ్మాయి

వద్దు చెల్లీ. తక్కువ పవర్ మీద కూడా వద్దు. మైక్రోవేవ్ వేడి ఒకేలా పడదు. సీసా బయటికి గోరువెచ్చగా తగులుతుంది, లోపల ఒకచోట పాలు నోరు కాలేంత వేడిగా ఉండవచ్చు. పాలలోని కొన్ని రక్షణ పదార్థాలు కూడా ఆ వేడికి దెబ్బతింటాయి. రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి, లేదా సీసాను గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టండి. మెల్లగా తిప్పి కలిపి, ముంజేతి మీద చుక్క వేసి చూసి పట్టమని మీ అత్తయ్యగారికి చెప్పండి. ఫ్రిజ్‌లో పూర్తిగా విడిచిన పాలను 24 గంటల లోపు వాడేయాలి.

కొత్త తల్లి

చాలా మేలు చేశారక్కా. ఇప్పుడే అత్తయ్యకు చెప్పాను.

ఛత్రపురం పెద్దమ్మ

మా కోడలు ఒరియా అమ్మాయి. విరిగిన పాలతో కాల్చే మిఠాయి, ఛెనాపోడొ, చాలా బాగా చేస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఉడుకుతోంది కాని ఆ మాడిన రంగు, ఆ వాసన రావడం లేదట. పవర్ పెంచాలా, తగ్గించాలా?

జయపురం మాస్టారు

రెండూ కాదు అక్కయ్యగారూ. పైన రంగు రావాలంటే ఉపరితలం 140 డిగ్రీలు దాటి పొడిగా కాలాలి. మైక్రోవేవ్ వేడి చేసేది నీటిని, తడి ఉన్నంతసేపు అది వందను దాటదు. విరిగిన పాలలో తడి ఎక్కువ. మీ ఓవెన్‌లో కన్వెక్షన్ (వేడి గాలితో కాల్చే అమరిక) ఉంటే 180 డిగ్రీల మీద, పైన ఎర్రబడి పక్కలు గిన్నెను వదిలేదాకా కాల్చమనండి. కన్వెక్షన్ లేని ఓవెన్‌లో ఆ రుచి రాదు.

అప్పడం మాత్రం మినహాయింపు. బరంపురం అప్పడం పలచన, తడి కొద్దిగా ఉంటుంది. రెండు వైపులా నూనె చెయ్యి రాసి పూర్తి పవర్ మీద 40 సెకన్ల నుంచి నిమిషం లోపు పెడితే చక్కగా పొంగుతుంది. ఎదురుగా ఉండి చూడాలి, తడి అయిపోగానే మాడుతుంది.

వంశధార ఒడ్డు

మిగిలిన కూరలు వేడి చేసే సంగతి కూడా చెప్పేస్తాను. అన్నం మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి మూత పెట్టి 600. చిక్కటి కూరలు, మాంసం కూరలు 600 మీద, మధ్యలో ఒకసారి కలిపి. కోడిగుడ్డు పులుసులో గుడ్లను సగానికి కోసి పెట్టండి, లేదా తీసి పక్కన ఉంచండి. నిండు గుడ్డు లోపల ఆవిరి చిక్కి పేలుతుంది, కొన్నిసార్లు బయటికి తీసి చెంచా తగిలించినప్పుడు పేలుతుంది. వెన్న మెత్తబడాలంటే 180.

రాయగడ అమ్మాయి

వేడి చేసినది నడుమ కూడా పొగలు కక్కేలా, 75 డిగ్రీలకు చేరాలి. అంచు వేడిగా ఉంటే సరిపోదు.

నాకూ ఒక సందేహం ఉంది. మా ఓవెన్ మీద 800 వాట్లు అని ఉంది. అన్నింటికీ ఇక్కడ చెప్పిన దానికన్నా ఎక్కువ సమయం పడుతోంది. సాయంత్రం పూట మరీ.

బరంపురం మెకానిక్

సాయంత్రం అన్నారంటే ఓల్టేజీ అయి ఉండవచ్చు. అందరూ ఒకేసారి వాడే వేళ ఓల్టేజీ పడితే ట్రాన్స్‌ఫార్మర్ ఓవెన్ బలం తగ్గుతుంది. కొలిచి చూడండి. తేలికైన గిన్నెలో లీటరు నీళ్లు పోసి, కలిపి, థర్మామీటరుతో వేడి చూసి రాసుకోండి. పూర్తి పవర్ మీద సరిగ్గా రెండు నిమిషాలు పెట్టండి. తీసి, బాగా కలిపి, మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 35తో గుణిస్తే ఓవెన్ నిజంగా ఇస్తున్న వాట్లు వస్తాయి. సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి చూడండి. ఓవెన్‌ను 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టండి. 800 ఇచ్చే ఓవెన్ గోడ నుంచి 1,200 పైనే లాగుతుంది, సన్నటి పొడిగింపు తీగ వేడెక్కుతుంది.

రాయగడ అమ్మాయి

చూశాను. రాత్రి ఏడున్నరకు 18 డిగ్రీలు పెరిగింది, అంటే 630 వాట్లు. ఈ ఉదయం ఆరింటికి 22 డిగ్రీలు, 770. ఓవెన్ బాగానే ఉంది, ఓల్టేజీదే తేడా అన్నమాట. రాత్రి పూట సమయాలు ఎలా మార్చుకోవాలి?

జయపురం మాస్టారు

వాట్లను నిమిషాలతో గుణించండి. 800 మీద ఏడు నిమిషాలు అని ఉంటే 5,600. దాన్ని 630తో భాగిస్తే దాదాపు తొమ్మిది నిమిషాలు. గిన్నె కూడా కొంత వేడి తీసుకుంటుంది కాబట్టి మీ కొలత కాస్త తక్కువే చూపిస్తుంది. ఎనిమిదిన్నరకు ఆపి ఒకసారి చూసుకోండి.

గంజాం కోడలు

మాస్టారూ, ఈ లెక్క డీఫ్రాస్ట్‌కు కూడా వాడవచ్చా?

జయపురం మాస్టారు

వాడవచ్చమ్మా, ఓవెన్ బలం మారినప్పుడు మాత్రమే. 300ను 900 చేసి సమయం మూడో వంతుకు తగ్గించడానికి కాదు. ఇంకో సంగతి, వీటన్నింటికన్నా సమయాన్ని తగ్గించేది గడ్డ మందం. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడే ముక్కలను సంచిలో ఒక వరుసగా, వేలెడు మందానికి మించకుండా పరిచి పెట్టండి. అప్పుడు తరంగాలు పై నుంచీ కింది నుంచీ నడిమి దాకా చేరతాయి.

గంజాం కోడలు

ఈ శనివారం చేప తెచ్చాక అలాగే పరిచి పెడతాను, ఒక్కో సంచిలో ఒక పూటకు సరిపడా.